పొత్తికడుపు నొప్పికి మనం పెట్టే పేర్లు

2019 జూలైలో, ఆషాఢ పౌర్ణమికి, మా అబ్బాయి స్నేహితులతో కలిసి సింహాచలం గిరిప్రదక్షిణ చేశాడు. అప్పటికి వాడికి 16 ఏళ్లు. కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సాయంత్రం బయలుదేరిన పిల్లలు అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, ఎన్.ఏ.డి. కూడలి మీదుగా 32 కిలోమీటర్లూ నడిచి, తెల్లవారుజామున మళ్లీ కొండ కిందికి చేరుకున్నారు. మేముండేది విశాఖపట్నంలో, ఆ కొండకు దగ్గర్లోని గోపాలపట్నంలోనే కాబట్టి వాడు ఇంటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చి పడుకున్నవాడు మధ్యాహ్నం లేచి అన్నం వద్దన్నాడు. 4 గంటలకు బొడ్డు చుట్టూ నొప్పిగా ఉందన్నాడు.

ఆ నొప్పికి కారణం మా ఇంట్లో అందరికీ వెంటనే తెలిసిపోయింది. ప్రదక్షిణ దారి పొడవునా భక్తులకు పులిహోర, మజ్జిగ, పానకం పంచుతారు. ఏది ఇస్తే అది తీసుకున్నానని వాడే చెప్పాడు. పడనిదేదో తిన్నాడు, గ్యాస్ పట్టేసిందని మా అత్తగారు వాము నమిలించి, గోరువెచ్చని నీళ్లు తాగించారు. రాత్రి 8 గంటలకు ఒకసారి వాంతి అయితే, లోపలిది బయటికి వచ్చేసింది కాబట్టి ఇక తేలికపడుతుందని అనుకున్నాం. 11 గంటలకు నొప్పి బొడ్డు దగ్గర నుంచి కిందికి, కుడి పక్కకు దిగింది. మందుల షాపు నుంచి తెచ్చిన బిళ్ళ వేశాం. మర్నాడు పొద్దున్న వాడు నడుము వంచి, కుడి చెయ్యి పొత్తికడుపు మీద అదిమిపెట్టి, కుడికాలు కొద్దిగా ఈడుస్తూ బాత్రూముకి వెళ్తుంటే చూసి, అంత దూరం నడిస్తే కండరాలు పట్టెయ్యవా అన్నాను. అన్నది నేనే. మావారు స్కూటర్ మీద దగ్గర్లో ఒకరి దగ్గరికి తీసుకువెళ్తే ఆయన నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వాడు "నాన్నా, మెల్లగా" అంటూ ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడట.

ఆ రాత్రంతా మూలిగి, తెల్లవారుజామున ఒక్కసారిగా నొప్పి తగ్గిందన్నాడు. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. నేను స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టాను. మధ్యాహ్నానికి వణుకుతో జ్వరం వచ్చింది. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్క మీద వేసినట్టుంది. ఆసుపత్రిలో సర్జన్ గారు వాడి కడుపును రెండు చోట్ల నొక్కి చూసి, అపెండిక్స్ పగిలి చాలా గంటలై ఉంటుందని చెప్పారు. మేము దీపం పెట్టి సంతోషించిన ఆ ఉపశమనం, లోపల ఒత్తిడితో బిగుసుకుపోయిన అపెండిక్స్ పగలడం వల్ల కలిగినది. చీము కడుపంతా పాకింది. సాయంత్రం ఆపరేషన్ చేశారు. 11 రోజులు వార్డులో ఉన్నాం.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. అపెండిక్స్‌కు తెలుగులో ఉండుకం అనే మాటను ఏటా పదో తరగతి పిల్లల చేత రాయిస్తాను. పేగుకు వేలాడే ఆ చిన్న గొట్టాన్ని అవశేషావయవాల జాబితాలో ఒకటిగా చెప్పి ఒక్క వాక్యంతో దాటేసిన దాన్ని. అది వాచితే నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో ఏనాడూ చెప్పలేదు, ఎందుకంటే పాఠంలో అది లేదు. ఆ 11 రోజుల్లో, ఆ తర్వాత ఈ ఏళ్లన్నిటిలో, నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. పొత్తికడుపు నొప్పి వస్తే మనం ముందు చేసే పని దానికి పేరు పెట్టడం. గ్యాస్, వేడి, ఆడవాళ్ల నొప్పి, నడక నొప్పి. పేరు పెట్టగానే మనసు కుదుటపడుతుంది, అడగవలసిన ప్రశ్నలన్నీ అక్కడితో ఆగిపోతాయి. నొప్పికి పేరు పెట్టే పని ఇంట్లో జరగకూడదని, ఇంట్లో చెయ్యవలసింది ఆ నొప్పి నడకను గమనించి ఉన్నది ఉన్నట్టు చెప్పడమేనని నా వాదన.

అపెండిక్స్ వాచే జబ్బుకు, అంటే అపెండిసైటిస్‌కు, మన జనం వాడుకలో ఎప్పటినుంచో ఒక పేరుంది: 24 గంటల నొప్పి. ఒక రోజులోగా పని కావాలన్న హెచ్చరిక ఆ పేరులోనే ఉంది. మా ఇంట్లో మాత్రం దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాం. 24 గంటలు గడిచినా తగ్గకపోతేనే అది ఆ నొప్పి, అంతవరకు ఆగి చూడాలి అనుకున్నాం. తర్వాత స్టాఫ్ రూములో ఈ మాట చెప్పినప్పుడు, తాము కూడా అలాగే అనుకుంటున్నామని అన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. నిజానికి నొప్పి మొదలైన దగ్గర నుంచి గంటలు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఒకటిన్నర రోజు దాటాక, అపెండిక్స్ పగిలే ప్రమాదం పెరుగుతుంది. కొందరికి అంతకన్నా ముందే పగలవచ్చు. పెద్దవాళ్ల కన్నా చిన్నపిల్లలలో అది తొందరగా జరుగుతుంది, పైగా పసివాళ్లు నొప్పిని సరిగా చెప్పలేరు.

పేరు తప్పితే వైద్యం కూడా తప్పుతుందనడానికి ఈ జబ్బు చరిత్రే సాక్ష్యం. 19వ శతాబ్దంలో చాలాకాలం వైద్యులు కుడి పొత్తికడుపులో వచ్చే ఈ వాపుకు మూలం పెద్దపేగు మొదటి భాగమని నమ్మి, ఆ భాగం పేరుతోనే జబ్బును పిలిచేవారు. 1886లో అమెరికాలోని బోస్టన్‌లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే వైద్యుడు అసలు మూలం అపెండిక్స్ అని చూపించి, అపెండిసైటిస్ అని పేరు పెట్టి, త్వరగా ఆపరేషన్ చెయ్యాలని వాదించాడు. 3 ఏళ్ల తర్వాత, 1889లో, న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ ఎక్కడ నొక్కితే నొప్పి ఎక్కువగా తెలుస్తుందో ఆ చోటును వర్ణించాడు. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందుకొనకు గీత గీస్తే, తుంటి వైపు నుంచి మూడో వంతు దూరంలో ఆ చోటు ఉంటుంది. మా అబ్బాయి చెయ్యి అదిమిపెట్టి నడిచినది సరిగ్గా అక్కడే. బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్‌కు 1902 జూన్‌లో పట్టాభిషేకానికి 2 రోజుల ముందు ఇదే జబ్బు ముదిరి, వేడుక వాయిదా వేసి చీము తీయవలసి వచ్చింది. ఆగస్టులో గానీ ఆయన కిరీటం పెట్టుకోలేకపోయాడు.

నొప్పి బొడ్డు దగ్గర మొదలై కిందికి దిగడం వెనుక ఒక కారణముంది. అపెండిక్స్ మూసుకుపోయి ఉబ్బడం మొదలైనప్పుడు ఆ కబురును మోసే నరాలు, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే మెట్టు దగ్గర కలుస్తాయి. అందుకని మెదడు దాన్ని బొడ్డు నొప్పిగానే తెలుసుకుంటుంది. కొన్ని గంటలకు వాపు పెరిగి కడుపు గోడ లోపలి పొరను తాకితే, ఆ పొర నరాలు కచ్చితమైన చోటును చెబుతాయి కాబట్టి అప్పుడు నొప్పి కుడివైపు స్థిరపడుతుంది. ఆ పొర కదిలితే నొప్పి. దగ్గితే నొప్పి, గెంతితే నొప్పి, బండి ఎగిరితే నొప్పి. అందుకే ఇలాంటి రోగి కదలకుండా పడుకుంటాడు. కిడ్నీలో రాయి జారినవాడు మాత్రం ఒక్కచోట కూర్చోలేడు, పడుకోలేడు, గది అంతా తిరుగుతాడు. అతని నొప్పి నడుము పక్క నుంచి గజ్జలోకి దిగుతుంది, అలలుగా వస్తుంది. ఇద్దరినీ పక్కపక్కన చూస్తే తేడా తెలియనివారు ఉండరు.

స్పీడ్ బ్రేకర్ల సంగతి నాకు తర్వాత తెలిసింది. 2012లో బ్రిటన్‌లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రి వైద్యులు, ఆసుపత్రికి వచ్చే దారిలో స్పీడ్ బ్రేకర్ల మీద బండి ఎగిరినప్పుడు నొప్పి పెరిగిందా అని అపెండిసైటిస్ అనుమానమున్న రోగులను అడిగారు. జబ్బు ఉన్నట్టు తేలిన 34 మందిలో 33 మంది అవునన్నారు. ఆ ప్రశ్నకు అవునన్న ప్రతివారికీ ఆ జబ్బే ఉందని కాదు, వేరే కారణాలతో కూడా అలా జరగవచ్చు. అయినా గోపాలపట్నం వీధుల్లో మా అబ్బాయి తండ్రి భుజం పట్టుకుని చెప్పిన ఆ మాట వైద్యుడికి పనికివచ్చే మాటే. దాన్ని మేము ఎవరికీ చేరవెయ్యలేదు.

ఇప్పుడు తొలిదశలో ఉన్న కొన్ని అపెండిసైటిస్‌లకు ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో కూడా వైద్యం చేస్తున్నారు. 2020లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో అలా మందులు తీసుకున్నవారిలో 10 మందికి సుమారు ముగ్గురికి 90 రోజుల లోపే ఆపరేషన్ అవసరమైంది, మిగతావారికి ఆ గడువులో కాలేదు. అయితే స్కాన్ చూసి సర్జన్ నిర్ణయించే ఆ వెసులుబాటు వేళకు వచ్చినవారికే దొరుకుతుంది. మాకు అది దొరకలేదు.

ఇక ఆడవాళ్ల నొప్పి అన్న పేరు గురించి చెప్పాలి, ఎందుకంటే అన్ని పేర్లలోనూ ఎక్కువ హాని చేసేది అదే అని నా నమ్మకం. మా బడిలో నాతో పనిచేసిన ఒక టీచరుకు అప్పటికి 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత పిల్లల ఆపరేషన్ చేయించుకుంది. ఒక నెల నెలసరి వారం రోజులు ఆలస్యమై, కొద్దిగా మరక కనిపించి, ఎడమ పక్క పొత్తికడుపులో నొప్పి మొదలైతే నెలసరి నొప్పే అనుకుంది. రెండో రోజు భుజం లాగుతోందంటే, జవాబు పత్రాల కట్టలు మోసినందుకే అనుకున్నాం. బడిలో మూడో క్లాసు అయిన తర్వాత కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఒకరు గాలి విసిరారు, ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు పంచదార నీళ్లు తెచ్చారు. ముఖం తెల్లగా పాలిపోయి, చేతులు చల్లబడి ఉండటం చూసి నేను 108కి ఫోన్ చేశాను. గర్భం గర్భసంచిలో కాకుండా, అండాశయం నుంచి గర్భసంచికి దారి అయిన ట్యూబులో నిలిచి, ట్యూబు పగిలి, కడుపు లోపల రక్తం కారుతోంది. ఆ రక్తం పైకి చేరి, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరపు పొరను ఒరుసుకుంటే నొప్పి భుజం కొసలో తెలుస్తుందట. సకాలంలో ఆపరేషన్ జరిగి ఆమె బతికింది.

పిల్లల ఆపరేషన్ అయిపోయింది కాబట్టి గర్భం మాటే లేదని ఆమె అనుకుంది, మేమూ అనుకున్నాం. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదే గానీ, వచ్చిన గర్భాలలో ట్యూబులో నిలిచేవాటి వంతు మామూలు కన్నా చాలా ఎక్కువ. ఆంధ్రదేశంలో కుటుంబ నియంత్రణ అంటే దాదాపుగా ఆడవాళ్ల ఆపరేషనే కాబట్టి ఈ సంగతి ఇంటింటికీ చేరవలసినది. కాన్పుల వయసులో ఉన్న ఏ స్త్రీకైనా పొత్తికడుపు నొప్పి వస్తే, నెల తప్పిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, వైద్యులు ముందుగా మూత్రంతో గర్భ పరీక్ష చేయిస్తారు. పెళ్లి కాని అమ్మాయికి ఆ పరీక్ష అడిగితే తల్లిదండ్రులు డాక్టరు మీద విరుచుకుపడటం నేను కళ్లారా చూశాను. అది ఎవరి నడవడి మీదా తీర్పు కాదు. ప్రాణం తీయగల ఒక కారణం లేదని తేల్చుకోవడానికి ఉన్న చవకైన, తేలికైన దారి అదొక్కటే.

అదే పేరు వేరొక దిక్కున ఇంకో రకం నష్టం చేస్తోంది. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఉన్న ఆడవాళ్లకు గర్భసంచి పాడైందని, తీసేస్తే బాధ వదిలిపోతుందని, ఉంచితే క్యాన్సర్ వస్తుందని చెప్పి ముప్ఫైలలోనే తీసేసిన కథలు ఉత్తరాంధ్రలో ఏ వీధిలో అడిగినా వినిపిస్తాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా మనమే ముందు. అవసరం లేని ఇలాంటి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. ఆ నొప్పులలో కొన్నిటికి మూలం కటి భాగంలోని ఇన్ఫెక్షన్, అది వేళకు పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, వదిలేస్తే ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టకుండా చేస్తుంది. కొన్నిటికి గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు, కొన్నిటికి అండాశయంలో నీటితిత్తులు కారణం. తిత్తి మెలిక పడితే హఠాత్తుగా భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి, అప్పుడు గంటలు లెక్కపెట్టుకోవలసిందే. గర్భసంచి తీయవలసిన జబ్బులూ ఉన్నాయి, నేను కాదనను. స్కాన్, పరీక్షలు, రెండో డాక్టరు అభిప్రాయం ఏదీ లేకుండా తీసేయించుకోవడాన్నే నేను తప్పుపడుతున్నాను.

ఆడపిల్లల నొప్పి మా హాజరు పట్టీలో కూడా కనిపిస్తుంది. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పేరు ఎదుట ప్రతి నెలా వరుసగా రెండు మూడు రోజులు గైర్హాజరు ఉంటే, ఆ పిల్ల ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. తల్లికి కూడా అలాగే ఉండేది, పెళ్లయితే సర్దుకుంటుంది అంటారు. మామూలు నెలసరి నొప్పి మాత్రకు తగ్గుతుంది, బడి మాన్పించదు. మాత్రకు లొంగకుండా, ఏడాదికేడాది పెరుగుతూ, మంచం పట్టించే నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ ఉండవచ్చు. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట అండాశయాల మీద, పేగుల మీద పెరిగే జబ్బు ఇది. ప్రతి 10 మంది స్త్రీలలో సుమారు ఒకరికి ఉండే ఈ జబ్బును గుర్తించడానికి ప్రపంచమంతటా ఏళ్ల తరబడి ఆలస్యమవుతోంది, ఎందుకంటే దానికి ముందే మనం ఒక పేరు పెట్టేసి ఉన్నాం.

మగపిల్లల సంగతి ఇంతకన్నా మౌనంగా జరుగుతుంది. వృషణం మెలిక పడితే, అంటే దానికి రక్తం తీసుకువెళ్లే తాడు తిరగబడి బిగుసుకుంటే, దాన్ని కాపాడుకోవడానికి ఉన్న వ్యవధి సుమారు 6 గంటలు. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య, చాలాసార్లు నిద్రలోంచి లేపేంత నొప్పితో వస్తుంది. ఆ పిల్లవాడు మాత్రం కడుపు నొప్పి అనే చెబుతాడు. కొంత నిజంగానే నొప్పి పొత్తికడుపులోకి పాకుతుంది కాబట్టి, కొంత సిగ్గు వల్ల. ఇంకా లోతైన కారణం మన భాషలో ఉంది. వృషణం అన్నది పాఠ్యపుస్తకంలో మాట, ఏ పిల్లవాడూ తల్లితో అనడు. వాడికి తెలిసిన మిగిలిన మాటలన్నీ తిట్లలోవి. ఇంట్లో పెద్దల ముందు నోరు తెరిచి చెప్పుకోగల మర్యాదైన, మామూలు మాట ఒక్కటి వాడికి మనం ఇవ్వలేదు. నేను పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ సంగతిని సూటిగా చెబుతున్నాను. ఆ మాట చెప్పడానికి సిగ్గయితే "అక్కడ నొప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి" అని తండ్రితో అంటే చాలు, పొద్దుటిదాకా ఆగవద్దని చెబుతున్నాను. మొదటి ఏడాది నవ్వులు వినిపించాయి. ఇప్పుడు వినిపించడం లేదు.

వేడి చేసింది అన్న పేరు మూత్రంలో మంటకు మనం పెట్టుకున్నది. కొబ్బరినీళ్లు, సబ్జా గింజలు మంచివే, ముఖ్యంగా ఒళ్లు తడిసిపోయే విశాఖ ఉక్కపోతలో నీళ్లు ఎంత తాగినా తక్కువే, రాళ్లు రాకుండా కూడా నీళ్లే రక్ష. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఎక్కువగా వాటంతట అవే పడిపోతాయి. కానీ మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరిందని అర్థం. రాయి అడ్డుపడి జ్వరం కూడా వస్తే అది రాత్రికి రాత్రే వెళ్లవలసిన పరిస్థితి. సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం, కుడి పొత్తికడుపులో వారాల తరబడి నొప్పి ఉంటే మన దేశంలో పేగుల క్షయను మరిచిపోకూడదు. మలంతో రక్తం పడటం, మలవిసర్జన అలవాటు మారడం కనిపిస్తే, ముఖ్యంగా 45 ఏళ్లు దాటినవారికి, మొలలే కదా అని సరిపెట్టుకోకూడదు.

వయసు మళ్లినవారి విషయంలో నొప్పి ఎంత ఉందన్నది కొలత కాదు. వారికి, షుగర్ ఉన్నవారికి, లోపల ఎంత ప్రమాదం జరుగుతున్నా నొప్పి కొద్దిగానే ఉండవచ్చు, జ్వరం రాకపోవచ్చు, కడుపు గట్టిపడకపోవచ్చు. మా నాన్నగారికి ఒక రాత్రి పొత్తికడుపు ఉబ్బి, అసౌకర్యంగా ఉందని మాత్రమే అన్నారు. అడగగా అడగగా మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదన్న మాట బయటపడింది. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి అడ్డుపడి మూత్రాశయం నిండిపోయింది. గజ్జలో పేగు బయటికి ఉబికివచ్చే హెర్నియా ఎప్పటిలా లోపలికి వెళ్లకుండా గట్టిపడి, నొప్పి పెట్టి, వాంతులవుతుంటే పేగు అందులో చిక్కుకుందని అనుమానించాలి. పంచె కట్టు చాటున దాన్ని ఏళ్ల తరబడి దాచుకునే పెద్దలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

మరి ఎప్పుడు వెళ్లాలి? నొప్పి హఠాత్తుగా, తీవ్రంగా వస్తే వెంటనే. కళ్లు తిరిగినా, ముఖం పాలిపోయి చెమటలు పట్టినా, గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా వెంటనే. కడుపు గట్టిపడినా, ఉబ్బి గాలి, మలం రెండూ ఆగిపోయినా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం ఆగినా, వృషణంలో గానీ గజ్జలో గానీ నొప్పి ఉన్నా ఆలోచించవలసిన పని లేదు. ఇవేవీ లేకుండా నొప్పి 6 గంటలు దాటి పెరుగుతూనే ఉంటే, లేదా ఒక చోటి నుంచి మరొక చోటికి మారి అక్కడ స్థిరపడితే, తెల్లవారేదాకా ఆగకుండా చూపించుకోవాలి. అన్నం మీద కోరిక పూర్తిగా పోవడాన్ని నేను ఇప్పుడు చాలా తీవ్రంగా తీసుకుంటాను, 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన 16 ఏళ్ల కుర్రవాడు అన్నం వద్దన్నప్పుడే నేను ఆగి ఆలోచించవలసింది. నెలల తరబడి వస్తూ పోతూ ఉండే నొప్పికి రాత్రిపూట పరుగెత్తనక్కరలేదు గానీ, దానికి కూడా ఒక పగలు డాక్టరు గదిలో కూర్చునే ఓపిక చేసుకోవాలి.

అంతవరకు ఇంట్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆముదం పట్టకూడదు, విరేచనానికి ఏ మందూ వెయ్యకూడదు, అపెండిక్స్ వాచి ఉంటే అది పగలడానికి తోడ్పడవచ్చు. ఆపరేషన్ అవసరం పడవచ్చన్న అనుమానముంటే తిండి పెట్టకూడదు. నొప్పి బిళ్ళ గురించి మాత్రం ఒక అపోహ తొలగాలి. ఆసుపత్రిలో నొప్పికి మందిస్తే జబ్బు కనిపించకుండా పోతుందని ఒకప్పుడు వైద్య విద్యలోనే చెప్పేవారు, ఇప్పుడు చెప్పడం లేదు. అక్కడ బాధతో మెలికలు తిరిగే రోగికి మందివ్వమని అడగడం తప్పు కాదు. ఇంట్లో చీటీ లేకుండా పూటకో బిళ్ళ వేసుకుంటూ ఆసుపత్రికి వెళ్లే గడియను వాయిదా వేసుకోవడమే తప్పు. నెలసరి నొప్పికి, కడుపు నొప్పికి మందుల షాపుల్లో విరివిగా ఇచ్చే మెఫెనామిక్ ఆసిడ్ కొందరిలో తీవ్రమైన అలర్జీ చర్యకు దారితీయవచ్చని 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇలాంటి నొప్పి బిళ్ళలు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు.

నాకు ఎక్కువగా బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. 1923లో మొదలైన మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి జనం వస్తారు. పాడేరు ఘాట్ అవతలి కొండల్లో రోడ్డు లేని గూడేల వాళ్లు రోగిని డోలీలో మోసుకుని, బండి దొరికే చోటికి చేర్చి, అక్కడి నుంచి గంటల ప్రయాణం చేసి ఈ ఊరు చేరుకుంటారు. వారి ఆలస్యానికి దూరం కారణం, దారి కారణం, ప్రభుత్వాలు కారణం. గోపాలపట్నంలో, గాజువాకలో, మధురవాడలో కాపురముంటున్న మాకు గంటలోపు దూరంలో ఎన్నో ఆసుపత్రులు ఉన్నాయి. మా ఇంట్లో గడిచిపోయిన ఆ 40కి పైగా గంటలకు నేను చూపించగల కారణం ఒక్కటీ లేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి 2 గంటలకు పై వాటాలో ఉండే ఆవిడ తలుపు కొట్టింది. "అక్కా, ఈయనకి కడుపులో గ్యాస్ పట్టేసినట్టుంది, వాముందా?" అంది. వాము ఇవ్వలేదు. పైకి వెళ్లి, నొప్పి ఎప్పుడు మొదలైందని, ఎక్కడ మొదలై ఎటు వెళ్లిందని, కదిలితే పెరుగుతోందా అని, చివరిసారి ఎప్పుడు తిన్నారని, మూత్రం వచ్చిందా అని అడిగాను. ఆయన మాట చెప్పలేక గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ జవాబులన్నీ గంటలతో సహా పిల్లవాడి నోటుపుస్తకంలోంచి చించిన కాగితం మీద రాసి, ఒంట్లో ఉన్న షుగరు, వేసుకునే మందులు కూడా కింద రాసి, ఆమె చేతికిచ్చాను. మా అబ్బాయి కారు తీశాడు. పొద్దున్న ఫోన్ చేసి, "కిడ్నీలో చిన్న రాయేనటక్కా, ఊరికే అర్ధరాత్రి నిన్ను లేపేశాం" అంది. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చదివి, అడగవలసినవి సగం ఇందులోనే ఉన్నాయని అన్నారట. కాగితం పారెయ్యవద్దని, ఫైల్లో పెట్టమని చెప్పాను.